మాధ్యమం: స్త్రీ చర్మం

నేను ఒక ఇత్తడి పలకను. అరచేతికి కాస్త ఎక్కువ, అంతే. విశాఖపట్నంలో పూర్ణా మార్కెట్ వెనక సందులో నన్ను కోసి, మెరుగుపెట్టి, అక్షరాలు చెక్కారు. నాతో పాటు పుట్టినవాళ్ళు డాక్టర్ల గుమ్మాలకూ వకీళ్ళ గేట్లకూ వెళ్ళి గౌరవంగా బతుకుతున్నారు. నా ఖర్మ కాలి నేను హిమకర్ చేతిలో పడ్డాను.

హిమకర్ చిత్రకారుడు. కాన్వాసు పాతబడిపోయిందట, ఇక మనిషి ఒంటి మీదే బొమ్మ వేస్తాడట. దాన్ని ఆధునికోత్తర కళ అంటారని నన్ను చెక్కేవాడికి పాఠం చెప్పాడు. ఈ కళలో కర్త అనేవాడే ఉండడట. ఆ మాట అంటూనే తన పేరు ఇంకాస్త పెద్ద అక్షరాల్లో చెక్కమన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఉలి కింద ఉన్నదాన్ని, ఏం మాట్లాడతాను?

నన్ను బీచి రోడ్డు పక్కన ఒక గ్యాలరీలో, పెచ్చులూడిన గోడకు బిగించారు. నా పక్కనే ఆ గోడకు ఆనుకుని నూకరత్నం నిలబడాలి. ఆవిడ బొమ్మల కాలేజీలో ఏళ్ళ తరబడి విద్యార్థుల ముందు కదలకుండా కూర్చున్న మనిషి. ఆవిడ బొమ్మలు ఎవరెవరి ఇళ్ళలో వేలాడుతున్నాయో గానీ, ఒక్కదాని కిందా ఆవిడ పేరు లేదు. ఈసారి పలక మీద పేరు వేయిస్తానని హిమకర్ మాటిచ్చాడు. ఆ మాట కోసమే ఒప్పుకుంది. తనకు చదువు రాదు కాబట్టి, చదివి వినిపించడానికి చెల్లెలి కూతురు రోజాను రమ్మంది.

ప్రదర్శన రోజు పొద్దుటి నుంచీ హిమకర్ ఆవిడ ముఖానికీ భుజాలకూ చేతులకూ గోడనే పూశాడు. అవే పెచ్చులు, అవే బీటలు, అదే చిరిగిన పోస్టరు ముక్క. చివరికి రెండు కళ్ళు తప్ప మనిషి కనబడలేదు. వాడి పనితనానికి వంక పెట్టను. వాడి బుద్ధే నాకు గిట్టదు.

సాయంత్రం జనం వచ్చారు. పండ్లరసాలు తాగుతూ, అస్తిత్వం, శూన్యం అంటూ ఆవిడ ముఖానికి జానెడు దూరంలో నిలబడి మాట్లాడుకున్నారు. ఊపిరి పీలుస్తోంది చూడమని ఒకడు వేలితో పొడిచాడు కూడా. ఆవిడ కదల్లేదు. అప్పుడు రోజా వచ్చి నన్ను పైకి చదివింది.

"కనబడనిది. హిమకర్. మాధ్యమం: రంగులు, స్త్రీ చర్మం."

అక్కడితో ఆగింది. నా మీద ఉన్నది అంతే మరి. సిగ్గుతో చచ్చిపోయాను.

గోడ కదిలింది. జనం వెనక్కి జరిగారు.

"నా పేరేటయింది బాబూ?" అంది నూకరత్నం.

హిమకర్ నవ్వాడు. పేరు వేస్తే మనిషి కనబడుతుందనీ, కనబడితే కళ పోతుందనీ నచ్చజెప్పబోయాడు.

"సర్మం అని రాయించినావు. ఆ సర్మంలో ఉన్న మనిసెవరో ఎందుకు రాయించనేదు?"

ఆవిడ గొంతు పెంచలేదు. దీపాల వేడికి చెమట పట్టి రంగు కరుగుతున్న అరచేతిని నా మొహం మీద, సరిగ్గా వాడి పేరు మీద, అదిమింది. రోజా చెయ్యి పట్టుకుని ఆ రంగులతోనే రోడ్డెక్కి వెళ్ళిపోయింది. నా బతుక్కి అదొక్కటే పండుగ.

ఇదీ ప్రదర్శనలో భాగమే అనుకున్నారు జనం. చప్పట్లు కొట్టారు. హిమకర్ సిగ్గు లేకుండా వంగి దండం పెట్టాడు. నన్ను తుడిచేస్తాడని భయపడ్డాను. తుడిచినా బాగుండేది. ఆ గుర్తు చెరగకుండా పైన వార్నిష్ పూయించాడు.

ఇప్పుడు నేను వేరే ఊళ్ళో, ఒక మ్యూజియంలో, గాజుపెట్టెలో ఉన్నాను. నా పక్కన నాకే ఒక కొత్త పలక పెట్టారు. నాకన్నా పెద్దది. దాని మీద ఇలా చెక్కి ఉంది:

"తిరుగుబాటు. హిమకర్. మాధ్యమం: ఇత్తడి, రంగు, స్త్రీ అరచెయ్యి."