జకరయ్య గారి కానుక

నేను ఒక బలిపీఠాన్ని. పేరు విని భయపడకండి, నా మీద ఇంతవరకూ ఒక్క కోడిపిల్ల కూడా తెగలేదు. వేప చెక్కతో చేసిన బల్లను. నాలుగు కాళ్ళు, పైన వెడల్పాటి చెక్క, ముందువైపు నిలువుగా ఒక పలక. చినరేవులపాడు చర్చిలో తూర్పు గోడకు ఆనుకుని ఉంటాను. నా మీద ఒక సిలువ, రెండు కొవ్వొత్తులు, ప్రభు సంస్కారం ఇచ్చే రోజున రొట్టె పళ్ళెం, ద్రాక్షరసం గిన్నె పెడతారు. కోతపండుగ నాడు మాత్రం గుమ్మడికాయలూ వరి కంకులూ అరటి గెలలూ నా మీద కిక్కిరిసిపోతాయి.

ప్రసంగాల్లో నన్ను గురించి చాలా గొప్పగా చెబుతారు. ఇక్కడ పెట్టినది ఇక నీది కాదు, నిన్ను నువ్వే ఇక్కడ పెట్టుకోవాలి అంటారు. వింటూ అందరూ తలలూపుతారు. ఆ తర్వాత గుమ్మడికాయ పెట్టి వెళ్ళే మనిషి గుమ్మం దగ్గర ఆగి, తన కాయ నలుగురికీ కనబడేలా ఉందో లేదో ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటాడు. నాకు ఇది అలవాటైపోయింది.

బల్ల కాకముందు నేను చెట్టును. జకరయ్య, సీమోను అనే అన్నదమ్ముల పొలాలకు మధ్య గట్టు మీద ఉండేదాన్ని. వాళ్ళమ్మ నాట్లకు వచ్చినప్పుడు నా కొమ్మకు పాతచీర ఉయ్యాల కట్టేది. ముందు జకరయ్య ఊగాడు, ఆరేళ్ళ తర్వాత సీమోను ఊగాడు. తాడు ఒరిసి ఒరిసి ఆ కొమ్మ మీద వేలు పట్టేంత చార పడింది. తల్లి పోయాక పొలాలు పంచుకున్నారు గానీ గట్టునూ నన్నూ పంచలేదు. ఉమ్మడి అన్నారు. ఉమ్మడి అన్న మాట ఎంత మెత్తగా ఉంటుందో అంత తగువులమారిదని అప్పుడు ఎవరికీ తోచలేదు.

కొన్నేళ్ళకు జకరయ్య చెట్టు కొట్టిద్దామన్నాడు, సీమోను వద్దన్నాడు. ఆ తగువు రెండు వానాకాలాలు నడిచింది. ఈలోగా ఊళ్ళో కొత్త చర్చి కట్టారు. జకరయ్య సంఘపెద్ద. ఒక ఆదివారం ఆరాధన మధ్యలో లేచి నిలబడి, "మా గట్టు మీది వేపచెట్టు దేవుడి బలిపీఠానికి ఇస్తన్నా" అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. సీమోను అక్కడే, మూడో వరసలో కూర్చుని ఉన్నాడు. దేవుడికిచ్చానన్న దాన్ని కాదనడానికి ఎవరికి నోరు వస్తుంది? అతనికీ రాలేదు. తమ్ముడితో తెగని తగువును జకరయ్య ఒక్క స్తోత్రంతో తెంపేశాడు. ఇందులో తప్పుందని అతనికి తోచలేదు. దేవుడికేగా ఇచ్చింది.

వడ్రంగి వీరాచారి నా చేవను మెచ్చుకుంటూ పని చేశాడు. ఉయ్యాల కొమ్మతో ఒక కాలు చేశాడు. చార ఎంత చిత్రిక పట్టినా పోకపోతే ఆ కాలును వెనకవైపు గోడకేసి పెట్టాడు. ముందు పలక మీద మాత్రం జకరయ్య చెప్పినట్టే అరంగుళం లోతున అక్షరాలు చెక్కాడు: 'జకరయ్య గారి కానుక'. 'గారు' కూడా ఆయనే చెప్పి వేయించుకున్నాడు.

ప్రతిష్ఠకు ఆడవాళ్ళు అంచుకు లేసు అల్లిన తెల్లగుడ్డ కుట్టి తెచ్చారు. పరిస్తే అది నేలదాకా జారి పేరును కప్పేసింది. మూడు ఆదివారాలు ఓపిక పట్టి, నాలుగో ఆదివారం జకరయ్య, "గుడ్డ నేలకు తగిలి మాసిపోతందమ్మా" అన్నాడు. ఆడవాళ్ళు నవ్వుకుని జానెడే వేలాడేలా పైకి మడిచి కుట్టారు. పేరు బయటపడింది.

ఆ రోజు నుంచి సీమోను వెనక బెంచీకి మారాడు. ఆరాధన మానలేదు, పాటలు మానలేదు. సంస్కారానికి అందరూ లేచి నా ముందుకు వచ్చి మోకరించే వేళకు మాత్రం లేచి బయటికి నడిచేవాడు. ఇరవై రెండేళ్ళు అంతే. ఊళ్ళో అతనికి మొండివాడన్న పేరు స్థిరపడింది. జకరయ్య అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ, "నాకు వాడి మీద ఏ కోపమూ లేదు" అని చెప్పేవాడు. నిజమే చెప్పేవాడు. చెట్టు తీసుకున్నవాడికి కోపం ఎందుకుంటుంది?

ఇరవై రెండో ఏడు కోతపండుగకు ముందు ప్రేమానందం అనే కొత్త పాస్టరు అయ్యగారు వచ్చారు. ఆ రోజు జకరయ్య తన పెరటి గుమ్మడికాయను నా మీద నడిమధ్యలో పెట్టి పక్కన నిలబడ్డాడు. అయ్యగారు ప్రసంగంలో ఒక మాటన్నారు: "కానుక తెచ్చావు, సంతోషం. నీ సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందా? నీకు అతని మీద కోపం ఉందా అని కాదు, అతనికి నీ మీద ఉందా? ఉంటే కానుక ఇక్కడే వదిలి ముందు అతని దగ్గరికి వెళ్ళు. ప్రభువు చెప్పింది అదీ."

జకరయ్య ముఖం మాడింది. తన మనసులో కోపం ఉందా అని ఇన్నేళ్ళుగా వెతుక్కున్నాడు గానీ, తమ్ముడి మనసులోకి ఒక్కసారి కూడా తొంగిచూడలేదు. సంస్కారానికి పిలుపు వచ్చింది. సీమోను అలవాటుగా లేచాడు.

"సీమోనూ, ఆగరా" అన్నాడు జకరయ్య. చర్చి అంతా తిరిగి చూసింది. "ఇన్నేళ్ళ నుంచీ ఈడికి ఎందుకు రావట్లేదో చెప్పి పో."

సీమోను వెనక్కి తిరిగాడు. "ఆడ మోకరిస్తే ఎదురుగా నీ పేరు అగపడుద్దన్నా. నేను ఎవురికి మోకరించినట్టు?" అన్నాడు.

జకరయ్యకు అర్థం కాలేదు. పెద్ద కాబట్టి గిన్నె పట్టుకుని నా పక్కనే నిలబడేవాడు, నిలబడే పుచ్చుకునేవాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్కనాడూ నా ముందు మోకరించలేదు. ఇప్పుడు చేతికర్ర పక్కన పెట్టి, నొప్పుల మోకాళ్ళ మీద మెల్లగా దిగాడు. తల ఎత్తాడు. ముక్కుకు మూరెడు దూరంలో తన పేరు, పక్కన 'గారు'. సిలువ చూడాలంటే మెడ ఇంకా పైకెత్తాలి. అలాగే ఉండిపోయాడు. సిగ్గుపడిన మనుషులను నేను చాలామందిని చూశాను గానీ, అంత సిగ్గు చూడలేదు.

లేచి, "కాయలు దించండి. దీన్ని ఎత్తండి. వాడింటికి పోవాల" అన్నాడు.

అయ్యగారు కంగారుపడ్డారు. "జకరయ్య గారూ, ప్రభువు కానుకను వదిలి వెళ్ళమన్నాడు గానీ ఎత్తుకుపొమ్మనలేదండీ."

"అది సొంతది ఇచ్చినోడికి అయ్యగారూ. నేను వాడిది కూడా కలిపి ఇచ్చి నా పేరేసుకున్నా. ముందు వాడిది వాడికి చేరాల."

అలా కోతపండుగ పూట, గుమ్మడికాయలన్నీ చాప మీదికి దిగితే, ఆరుగురు నన్ను మోసుకుంటూ బజారు వెంట నడిచారు. సీమోను ఇంటి పంచలో దించారు. సీమోను పక్కకు జరిగి చోటిచ్చాడు. అతని భార్య కెజియమ్మ మాత్రం, "దేవుడి బల్ల మన పంచలోనా, తప్పు గదా" అని రెండు రోజులు భయపడి, మూడో రోజు నా మీద మిరపకాయలు ఎండబెట్టింది. కోళ్ళు ఎక్కి తిరిగాయి. నిజం చెబితే నాకక్కడ బాగానే ఉంది. ఎవరూ నన్ను చూపించి ఏమీ బోధించలేదు.

చర్చిలో బడి బల్ల ఒకటి తెచ్చి గుడ్డ పరిచారట. ఆరు ఆదివారాలు గడిచాయి. జకరయ్య పెద్దరికం వదులుకుని వెనక బెంచీలో కూర్చుంటున్నాడని కెజియమ్మ చెప్పింది. బల్ల ఎప్పుడు తిరిగి వస్తుందని అడిగినవాళ్ళతో, "అది వాడిష్టం. నన్నడక్కండి" అంటున్నాడట.

పంచలో నా వెనకవైపు ఇంటికేసి ఉంది. ఒక పొద్దున కోళ్ళ రెట్ట తుడవడానికి వంగిన సీమోను వెనక కాలు దగ్గర ఆగాడు. చారలో వేలు పెట్టాడు. పక్కనే కూలబడి ఏడ్చాడు. ఆ చార ఏ ఉయ్యాలదో అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. అందులో తానొక్కడే ఊగలేదని కూడా తెలుసు.

మర్నాడు ఉలీ సుత్తీ తెచ్చి నా ముందు పలక మీద పని మొదలుపెట్టాడు. కబురు విని జకరయ్య కర్ర పొడుచుకుంటూ వచ్చాడు.

"నీ పేరు చెక్కి పారేస్తన్నా" అన్నాడు సీమోను, తల ఎత్తకుండా.

"చెక్కెయ్" అన్నాడు జకరయ్య. బల్ల కదలకుండా రెండు చేతులతో అదిమి పట్టుకుని కూర్చున్నాడు.

అక్షరాలు లోతు. మధ్యాహ్నం దాకా పట్టింది. ఇన్నేళ్ళ తర్వాత నాలోంచి పచ్చి వేప చేదు వాసన లేచింది. అన్న ఒళ్ళో పేరు పొట్టుగా పోగుపడింది.

"ఇప్పుడు ఇది నాదే గదా?" అన్నాడు సీమోను.

"నీదేరా."

"అయితే ఇప్పుడిస్తన్నా దేవుడికి. నువ్వు కూడా ఓ చెయ్యెయ్యి."

"మరి పేరు?"

"ఎవురిదీ వద్దు."

ఆ ఆదివారం నన్ను తిరిగి చర్చికి తెచ్చారు. అన్నదమ్ములిద్దరూ నా ముందు పక్కపక్కనే మోకరించారు. పుచ్చుకున్నాక జకరయ్య లేవలేకపోతే సీమోను చంకల కింద చేతులు వేసి లేపాడు. ఆ తర్వాత జకరయ్య ఒక్క వానాకాలమే బతికాడు.

పలక మీద ఇప్పుడు మూరెడు పొడవున ఒక పల్లం ఉంది. చూడటానికి బాగోలేదు. గుడ్డ మడత విప్పి కప్పుదామా అని ఆడవాళ్ళు అడిగితే సీమోను వద్దన్నాడు. నా ముందు మోకరించిన వాళ్ళు ఇప్పటికీ మొదట అక్కడే చూస్తారు. చదవడానికి ఏమీ ఉండదు. కళ్ళు మూసుకుంటారు.