మా ఇంటి శాబకం

మా ఆయన మిడతలు పెంచుతాడు. ఉద్యోగమే అది, ప్రయోగశాలలో. అక్కడి మాటలన్నీ ఇంటికి మోసుకొస్తాడు. పిల్ల పుట్టగానే "మన డింభకం" అన్నాడు, అంటే గుడ్డులోంచి వచ్చిన పురుగు పిల్ల. దానికి నడక వచ్చాక, "కాదులే, మిడత పిల్లని శాబకం అనాలి. అచ్చం పెద్దదానిలాగే ఉంటుంది, రెక్కలే ఇంకా రావు" అని తనను తానే దిద్దుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయేది. నవమాసాలు మోసి కన్నది పురుగునా?

ఇప్పుడు దానికి పదమూడేళ్లు. ఉన్నట్టుండి పొడుగు సాగింది, మొహం నిండా మొటిమలు. వారం నుంచి గది విడిచి రావడం లేదు, నాతో మాటా పలుకూ లేదు. అంతలో మా ఆడపడుచు దిగింది.

"ఏదీ నా మేనకోడలు? ఎంత ఎదిగిందో పక్కన నిలబెట్టుకుని చూడాలి!" అని చెప్పులు విప్పుతూనే కేక.

"పిలుస్తానుండండి వదినా" అని గది దగ్గరికి వెళ్లాను. తలుపు మీద చీటీ. మా ఆయన మిడతల పెట్టెలకు తగిలించేదే: "కుబుసం విడుస్తోంది. ముట్టుకోవద్దు."

"మీకసలు బుద్ధుందా? మీ అక్కయ్య చూస్తే ఊరంతా టాంటాం వేస్తుంది!" అని నా వెనకే వచ్చిన ఆయన మీద ఇంతెత్తున లేచాను.

ఆయన గొంతు పెంచలేదు. "కొత్త తోలు గట్టిపడేదాకా మేమెవరమూ పెట్టె తెరవం. మెత్తగా ఉన్నప్పుడు వేలు తగిలితే రెక్క వంకరపోతుంది. ఇక సరికాదు."

"మరి అప్పట్లో నా తలుపుకి ఎవరు తగిలించారండీ చీటీ?"

నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చేసింది. ఆ వయసులో నన్నూ ఇలాగే చుట్టాల మధ్యకి లాక్కొచ్చి, అటూ ఇటూ తిప్పి చూశారు. మామయ్య ఏదో అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు, అమ్మతో సహా. అప్పటినుంచీ భుజాలు ముందుకు ముడుచుకునే నడుస్తాను. ఫొటో తీసిన ప్రతివాడూ "నిటారుగా నిలబడమ్మా" అనేవాడే. ఎందుకలా అయ్యావని ఒక్కరైనా అడిగారా?

ఈలోగా ఆడపడుచు వచ్చి తలుపు మీద చెయ్యి వేసింది. "నా దగ్గర సిగ్గేమిటే? రా బయటికి!"

ఆ చెయ్యి తీసేశాను. "రాదు వదినా."

"అదేంటి, సొంత మేనత్తని..."

"ఎవరైనా సరే. దానికి రావాలనిపించినప్పుడు వస్తుంది."

ఆవిడ మొహం మాడ్చుకుంది. మాడ్చుకోనీ. తలుపుకి వీపు ఆనించి, భుజాలు వెనక్కి పెట్టి నిలబడ్డాను.

"అమ్మా," అని లోపలినుంచి సన్నగా వినిపించింది, "అక్కడే ఉండవా కాసేపు?"