ఇంక పిలవను

మా ఆయన చక్రధర్ నోట్లో వేలు పెట్టినా కొరకలేని మనిషి. ట్రైన్‌లో తన కాలు తొక్కినవాడికి తనే సారీ చెప్పేవాడు. అడగందే అమ్మయినా పెట్టదు, కాస్త గొంతు పెంచండి మహానుభావా అని నేను పోరేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు.

పిత్తాశయంలో రాళ్లు తీయడానికి చిన్న ఆపరేషన్. మర్నాడే ఇంటికి పంపిస్తామన్నారు. సాయంత్రానికి కడుపు గట్టిపడి నొప్పి మొదలైంది. గ్యాస్ అన్నారు. లోపల రక్తం కారుతోందేమోనని ఒక్కరూ చూడలేదు. మా అమ్మాయి కీర్తికకు అన్నం పెట్టడానికి నేను యూ టీ పేటలోని మా ఫ్లాట్‌కి వచ్చానో లేదో, ఆయన వాయిస్ మెసేజ్ వచ్చింది. విని టాక్సీలో పరుగెత్తాను. వెళ్లేసరికి మంచం చుట్టూ తెర లాగేశారు.

అప్పటినుంచి ఆ గొంతు మా ఇల్లు వదల్లేదు. కీర్తిక దుప్పటి ముసుగులో వింటుంది. ఆపమని అరిచి, నేను బాత్రూంలో కుళాయి తిప్పుకుని వింటాను. ఫోన్ ఆపేసినా వినిపిస్తుంది. కుక్కర్ మూత తీస్తుంటే వెనకనుంచి కాత్యాయనీ అంటాడు. తిరిగి చూస్తాను. భయపడి కాదు, చూడకపోతే నొచ్చుకుంటాడేమోనని.

ఆసుపత్రివాళ్లు డబ్బిస్తామన్నారు. సానుభూతితోనట, తప్పు మాత్రం ఒప్పుకోరట. ఒళ్లు మండిపోయింది. ఎవరిక్కావాలి వీళ్ల సానుభూతి? నీ భర్తను సరిగా చూడలేదమ్మా, తప్పు మాదే అని ఆ సర్జన్ నా మొహం చూసి చెప్పాలి. నాకు కావలసింది అంతే. మా లాయరు శర్మిల పొరుగుదేశంలోని జొహోర్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగు పిల్ల. కేసు ఏళ్లకేళ్లు సాగుతుంది, పాప చదువుంది, ఒప్పుకోండక్కా అని బతిమాలింది.

రాజీ మాట్లాడడానికి అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టారు. నేను ఫోన్ బల్ల మీద పెట్టి మెసేజ్ నొక్కాను.

"కాత్యాయనీ, కడుపు రాయిలా ఉంది. బెల్ కొడుతూనే ఉన్నా. ఓసారి రాగలవా?"

ఆ వెంటనే ఎవరివో అడుగులు. గ్యాసేనని చెప్పాం కదా అంకుల్, పడుకోండి అని ఒక ఆడగొంతు విసుక్కుంది.

"సారీ సిస్టర్, సారీ. ఇంక పిలవను."

సర్జన్ నీళ్ల గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాడు. వాళ్ల లాయరు గొంతు సవరించుకుని, మొత్తం ఇంకాస్త పెంచుతామన్నాడు.

"విన్నారుగా. మీరు చెప్పాల్సింది కూడా ఆయనే చెప్పి పోయాడు" అన్నాను.

సర్జన్ నోరు తెరిచాడు. లాయరు అతని మోచేతి మీద చెయ్యి వేశాడు. తెరిచిన నోరు మూసుకున్నాడు.

వాళ్ల కాగితాలు వెనక్కి నెట్టి లేచాను. ఇక కోర్టే అక్కా, అక్కడ కూడా ఈ మెసేజ్ వినిపించాల్సి ఉంటుంది అంది శర్మిల లిఫ్ట్‌లో. ఎన్నిసార్లయినా వినిపిద్దాం అన్నాను, ఆ ఊపులో.

ఇంటికొచ్చి వంటింట్లో నిలబడ్డాక గాని తట్టలేదు. వాళ్ల నోట ఆ ఒక్క మాట రాబట్టడానికి నేను ఎన్ని గదుల్లో ఆ ఫోన్ నొక్కితే, అన్ని గదుల్లోనూ సారీ చెప్పేది ఆయనే.