రెండు ఎడమలు

కారు తలుపు అద్దం తిప్పే హ్యాండిల్ వెనక పాత గుడ్డపీలిక దూర్చి, రెండు కొసలూ పట్టుకుని, బూటుకు పాలిష్ పెడుతున్నట్టు అటూ ఇటూ లాగాడు క్లెమ్ నోస్కే. నాలుగో లాగుకు లోపలి ఇనప క్లిప్పు టిక్కుమని ఊడి అతని అరచేతిలో పడింది. అది ఎటు ఎగురుతుందో, అరచెయ్యి ఎక్కడ పట్టాలో అతనికి చూడకుండానే తెలుసు. ఆ క్లిప్పుల కోసం కార్ల కింద పొర్లాడినవాళ్లను నలభై ఒక్క ఏళ్లలో చాలామందినే చూశాడు.

టైము ఏడుంబావు. అప్పటికే రేకుల షెడ్డు వేడెక్కుతోంది. ఉత్తరపు గాలి మొదలైందంటే గాలర్ ఊళ్లో నడివేసవి ఫిబ్రవరి నెల ఎవరి మీదా జాలి చూపించదు. క్లెమ్ ఎడమ తలుపు మరలు విప్పి, చుట్టూ ఉన్న క్లిప్పుల కింద బల్లపరుపు ఇనపపుల్ల పెట్టి ఒక్కొక్కటే లేపాడు. తలుపుకు లోపలివైపు బిగించే అట్ట, అదే డోర్ ప్యాడ్, కిందిభాగం టీలో ముంచిన రస్కులా ఉబ్బి, ముట్టుకుంటే రాలిపోయేలా ఉంది. తలుపు లోపల వాన నీళ్లు తగలకుండా వేసిన ప్లాస్టిక్ కాగితం ఎప్పుడో చిరిగిపోయింది. అరవై ఏళ్ల వానలన్నీ ఆ అట్టే తాగింది మరి.

కారు మిసెస్ టెల్ఫర్‌ది. అరవై నాలుగు నాటి హోల్డెన్. బయట మీగడ రంగు, లోపల ముదురు ఎరుపు. శనివారం ఆవిడ మనవరాలి పెళ్లి, పెళ్లికూతురు ఈ కారులోనే చర్చికి వెళ్లాలి. ఇవాళ గురువారం. వెనక తలుపులు రెండూ క్లెమ్ నిన్ననే ముగించాడు. ఇవాళ ముందువి రెండూ అయితే సాయంత్రానికి ఆవిడ వచ్చి తీసుకుపోతుంది.

కంగారు పెళ్లి గురించి కాదు, రెక్సిన్ గురించి. ఆ ఎరుపు, ఆ గరుకు, ఆ నిలువు చారలు ఇప్పుడు ఎక్కడా తయారుకావు. కార్లకు లోపలి గుడ్డలు వేసే ఈ షాపు పెట్టిన ఐవర్ పాస్కో బతికుండగా అటక మీద దాచిన చుట్టలో ఆఖరి ముక్క ఇది. సరిగ్గా నాలుగు తలుపులకు వస్తుంది. ఐదో తలుపుకు జానెడు కూడా మిగలదు. ఇప్పుడు షాపు నడుపుతున్న ఐవర్ కూతురు డార్లీన్ దాన్ని అటక మీంచి తనే దించి, పసిపిల్లను అందించినట్టు క్లెమ్ చేతుల్లో పెట్టింది.

"ఇది నువ్వు కొయ్యాల్సిందే. స్టావ్‌ని దీని దరిదాపులకు కూడా రానివ్వకు," అంది.

"నేనిక్కడే ఉన్నాను తల్లీ, వినపడుతోంది," అన్నాడు బస్సు సీటు కుడుతున్న స్టావ్.

స్టావ్‌ని అలా అనడానికి కారణం వెనక గోడ. ఈ పనిలో ఒకే ఒక్క తప్పుకు క్షమాపణ లేదు. అది ఒకే వైపువి రెండు చెయ్యడం. ఎడమ తలుపుకు హ్యాండిల్ చిల్లు ఒక చోట ఉంటే కుడి తలుపుకు దానికి ఎదురుగా ఉంటుంది, అద్దంలో బొమ్మలాగా. పైగా అట్టను బోర్లా వేసి పనిచేస్తారు కాబట్టి ఆ అద్దాన్ని మనసులో ఇంకోసారి తిప్పుకోవాలి. పరాకుగా ఉన్నవాడు రెండు ఎడమలు చేసి కూర్చుంటాడు. అలా చేసినవాడు ఆ ప్యాడ్ మీద తన పేరు రాసి వెనక గోడకు వేలాడదీయాలి, మర్నాడు అందరికీ బేకరీ నుంచి వేడి పాస్టీలు తెప్పించాలి. ఐవర్ పెట్టిన రూలు అది. పెట్టిన మూడో నెల్లోనే తన పేరే రాసుకున్నాడు. గోడ మీద ఐవర్‌వి రెండు, స్టావ్‌వి మూడు, డార్లీన్‌ది ఒకటి, వచ్చి పోయినవాళ్లవి ఇంకో ఐదారు. అన్నిటికీ పైన ఒక మేకు ఖాళీగా ఉంటుంది. క్లెమ్ చేరిన వారమే ఐవర్ దాన్ని కొట్టాడు.

"ఇది నీకు, కుర్రాడా. ఏడాది తిరక్కుండా నిండుతుంది," అన్నాడట.

క్లెమ్‌కి అప్పుడు ఇరవై ఏడు. గొర్రెల ఉన్ని కత్తిరించే పనిలో నడుం పోగొట్టుకుని వచ్చాడు. "నాది అక్కడికెక్కిన రోజు నేనే ఇంటికెళ్లిపోతాను," అన్నాడట. మేకు తుప్పు పట్టింది. ఐవర్ పోయాడు. క్లెమ్ మిగిలాడు.

అతని జీవితంలో చెప్పుకోవడానికి ఇంతకుమించి పెద్దగా ఏమీ లేదు. పెళ్లి చేసుకుందామనుకున్న మనిషి పోర్ట్ పిరీ వెళ్లి అక్కడే ఇంకొకర్ని చేసుకుంది. రైలుకట్ట వెనక అద్దె ఇంట్లో ముప్పై ఏళ్లు ఉన్నాడు. శనివారాలు పచ్చిక మీద బంతులు దొర్లించే బౌల్స్ ఆడతాడు, బాగా ఏమీ ఆడడు. ఊళ్లో సగం పాత కార్ల తలుపులకు అతని చేతి గుడ్డే ఉంది గాని, అతని సొంత ట్రక్కు తలుపు పదకొండేళ్లుగా ఒట్టి రేకే. ఎప్పుడు చేసుకుంటావంటే "ఖాళీ దొరకాలిగా" అంటాడు. ఎవరూ అతన్ని గొప్ప పనివాడని అనలేదు. అనాల్సిన అవసరం లేకుండా గోడ మీద ఆ ఖాళీ మేకు ఉంది. దానిమీద అతనికి ఎంత గర్వమో అతను ఎవరికీ చెప్పలేదు, సిగ్గుపడి.

మూడు నెలలుగా మాత్రం ఆ మేకు వైపు చూడాలంటే భయంగా ఉంది. ఇదివరకు తలలో అద్దం తనంతట తనే తిరిగేది. ఇప్పుడు తిప్పాలి. తిప్పాక గుర్తుపెట్టుకోవాలి. అతని ఎడమ బొటనవేలి మీద మొదటి ఏడాది కత్తి కోసిన మచ్చ ఉంది. ఈమధ్య పని మధ్యలో ఆగి ఆ మచ్చ వైపు చూసుకుంటున్నాడు, ఏది ఎడమో తెలుసుకోవడానికి. డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. ఆయన ఏమంటాడో వినే ఓపిక లేదు.

పదిన్నరకి ఎడమ తలుపు అయిపోయింది. కొత్త అట్ట, కొత్త ప్లాస్టిక్ కాగితం, దానిమీద ఎర్ర రెక్సిన్. మూలల దగ్గర ఒక్క ముడత లేదు. టీ పట్టుకొచ్చిన స్టావ్ వంగి చూశాడు.

"నీకు సిగ్గుండాలయ్యా," అన్నాడు. "మేమూ ఇక్కడే బతకాలా వద్దా? ఒక్కటి పాడు చేస్తే ఏం పోయింది? ఆ పాస్టీ రుచి చూడకుండానే నేను రిటైరయ్యేలా ఉన్నాను."

"ఆకలేస్తే కొనుక్కో."

"నీ తప్పు మీద తింటే వచ్చే రుచి కొనుక్కుంటే వస్తుందా?"

క్లెమ్ నవ్వాడు. టీ తాగకుండానే కప్పు బల్ల మీద పెట్టేశాడు.

మధ్యాహ్నానికి ఎండ నలభై రెండు దాటింది. పెద్ద ఫ్యాను వేడిగాలినే అటునుంచి ఇటు తోస్తోంది. క్లెమ్ కుడి తలుపు, అంటే డ్రైవరు వైపుది, విప్పాడు. దాని అట్ట అచ్చు తీసుకోవడానికి కూడా పనికిరానంత పుచ్చిపోయింది. పై రెక్సిన్ మాత్రం చిరగలేదు. కిటికీ అంచు కింద ఒకే చోట, అరచేతంత మేర, రంగు పోయి నున్నగా మెరుస్తోంది. దశాబ్దాలు ఎవరి మోచెయ్యో ఆనిన చోటు అది.

అచ్చు కోసం ఎడమ తలుపు పాత అట్టనే తీసుకున్నాడు. అటూఇటూ రాలినా చిల్లులు సరిగ్గానే ఉన్నాయి. దాన్ని తిరగేసి గీస్తే కుడి వస్తుంది. కొత్త అట్ట మీద పెట్టి తిరగేశాడు. చెమట కళ్లలోకి దిగితే తుడుచుకున్నాడు. బొటనవేలి మచ్చ చూసుకున్నాడు. తిరగేశానా అనుకున్నాడు. మళ్లీ తిరగేశాడు.

తర్వాత పనంతా చెయ్యి తనంతట తనే చేసుకుపోయింది. పెన్సిల్ గీత తిన్నగా వచ్చింది. అట్ట వెనక తెల్ల సుద్దతో 'కుడి' అని రాశాడు, ఎప్పుడూ రాసేంత నీటుగా. జిగురు పూసి, ఆరేదాకా ఆగి, రెక్సిన్ పరిచి, మధ్యనుంచి అంచులకు అరచేత్తో తోసి, వెనక్కి మడిచి స్టేప్లర్ కొట్టాడు. ఆఖర్న హ్యాండిల్ చిల్లు దగ్గర కత్తిమొనతో చిన్న అడ్డగీత, నిలువుగీత పెట్టాడు. రెక్సిన్ మెత్తగా తెగింది.

మూడింటికి దాన్ని డ్రైవరు తలుపుకు ఆనించి, హ్యాండిల్ ఇరుసు కోసం చిల్లులోంచి వేలు పెట్టాడు. వేలికి రేకు తగిలింది. పక్కకు జరిపాడు. రేకే. ఇరుసు జానెడు అవతల ఉంది. కోసిన చిల్లు తలుపు బందుల వైపు ఉంది.

క్లెమ్ ప్యాడ్‌ని రెండు చేతులతో తలుపుకు అలాగే పట్టుకుని నిలబడ్డాడు, వదిలితే అది నిజమైపోతుందన్నట్టు.

కుట్టుమిషను ఆగింది. స్టావ్ వచ్చి పక్కన నిలబడ్డాడు. అతనికి ఒక్క చూపులో అర్థమైంది. ముప్పై ఏళ్లుగా నాలుక చివర దాచుకున్న జోకులు ఎన్ని ఉన్నాయో, ఒక్కటీ బయటికి రాలేదు.

"వేడి," అన్నాడు చివరికి. "ఈ వేడికి ఎవడికైనా ఇంతే."

"వేడి కాదు స్టావ్," అన్నాడు క్లెమ్.

డార్లీన్ ఆఫీసు గదిలోంచి వచ్చి చూసింది. చుట్టలో మిగిలిన రెక్సిన్ వైపు చూసింది, అక్కడ ఒట్టి అట్టగొట్టమే ఉంది. ఆ పిల్ల క్లెమ్ చేతి కింద పెరిగింది. ఎనిమిదేళ్లప్పుడు అతని బల్ల కింద కూర్చుని గుడ్డముక్కలతో బొమ్మలకు సీట్లు కుట్టుకునేది.

"సరే. పాత రెక్సిన్ ఊడదీసి శుభ్రం చేసి కొత్త అట్టకు వేద్దాం," అంది. "పోయిన మీవారి గుర్తుగా ఉంటుందని కావాలనే ఉంచామని మిసెస్ టెల్ఫర్‌తో చెప్తాను. ఆవిడ ఏడ్చినా ఏడుస్తుంది, థాంక్స్ కూడా చెప్తుంది. ఆ గోడ సంగతి ఎవరూ ఎత్తొద్దు. స్టావ్, నీకే చెప్పేది."

"నేనేం చూళ్లేదు," అన్నాడు స్టావ్.

"వెయ్యడం వేస్తాను. చెప్పడం నేనే చెప్తాను," అన్నాడు క్లెమ్.

"ఎందుకు బాబాయ్ అంత పంతం?"

క్లెమ్ పాత రెక్సిన్‌ని వేడిగాలి పెట్టి, చర్మం ఒలిచినంత జాగ్రత్తగా అంగుళం అంగుళం లేపాడు. సబ్బునీళ్లతో తుడిచాడు. ఈసారి అచ్చు తిరగేసి, స్టావ్‌ని పిలిచి, "చూడు, కుడేనా?" అని అడిగాడు. అతను ఆ మాట ఎవర్నైనా అడగడం అదే మొదటిసారి. స్టావ్ అట్ట మీదికి వంగి చూసి, "కుడే," అన్నాడు.

ఐదింటికి మిసెస్ టెల్ఫర్ గుడ్డ టోపీ పెట్టుకుని వచ్చింది. బక్కపలచటి మనిషి, మాట మాత్రం గట్టి. మూడు తలుపులు చూసి తల ఆడించింది. డ్రైవరు తలుపు తీసి ఆగిపోయింది.

"ఇది మార్చలేదే?"

"నేను తప్పు కోశానండి," అన్నాడు క్లెమ్. "ఆ గుడ్డ ఇంక దొరకదు. అందుకని పాతదే శుభ్రం చేసి వేశాను. తప్పు నాదే, షాపుది కాదు."

డార్లీన్ కళ్లు మూసుకుంది.

మిసెస్ టెల్ఫర్ ఆ నున్నటి మచ్చ వైపు చాలాసేపు చూసింది. "ఇది మా ఆయన మోచెయ్యి," అంది. "పక్క సీట్లో కూర్చుని ముప్పై ఎనిమిదేళ్లు చూశానిది. చెయ్యి కిటికీ బయట పెట్టుకుని, గాలిహోరులో నా మాట వినపడనట్టు నటించేవాడు. ఇది పోవాలనే కదయ్యా నాలుగు తలుపులూ మార్పించమన్నాను!"

ఆవిడ డ్రైవరు సీట్లో కూర్చుంది. తాళం తిప్పబోయి ఆగి, మోచెయ్యి ఎత్తి ఆ మచ్చ మీద పెట్టి చూసింది. అది ఆవిడ చేతికి కాస్త ఎత్తు.

"అయితే ఈయన పోయేలా లేడు," అంది విసుగ్గా. తర్వాత క్లెమ్ వైపు తిరిగింది. "అబద్ధం చెప్పినా నమ్మేదాన్ని కదా, ఎందుకు చెప్పావు?"

"అలసిపోయానండి," అన్నాడు క్లెమ్. అంతకంటే నిజమైన మాట అతనికి తట్టలేదు.

ఆవిడ అతని మొహం చూసి, తాళం తిప్పింది. కారు మెల్లగా బయటికి పోయింది.

క్లెమ్ బల్ల తుడిచాడు. కత్తిని రాయి మీద నాలుగుసార్లు నూరి, తోలు ఒరలో పెట్టి, బల్ల మీదే వదిలేశాడు. టీ కప్పు కడిగి సంచిలో వేసుకున్నాడు. డార్లీన్ ఏదో పని మీద బయటికెళ్లింది. స్టావ్ అటు తిరిగి దారం ఎక్కిస్తున్నట్టు చాలాసేపు నటించాడు. వెనక గోడ దగ్గర స్టూలు జరిగిన చప్పుడు విని కూడా తిరగలేదు.

"వస్తాను స్టావ్."

"రేపు కలుద్దాం ముసలాయనా."

క్లెమ్ చెయ్యి ఊపాడు. రేకు తలుపు ట్రక్కు రెండుసార్లు దగ్గి కదిలింది.

మర్నాడు ఏడున్నరకి బేకరీ అమ్మాయి అట్టపెట్టె తెచ్చి ఇచ్చింది. లోపల మాంసం, ఆలుగడ్డ కూరి కజ్జికాయలా అంచులు మడిచిన పాస్టీలు ఆరు, పొగలు కక్కుతూ. ఎనిమిదైనా క్లెమ్ బల్ల ఖాళీగానే ఉంది. డార్లీన్ ఫోన్ చేసింది.

"పాస్టీలు వేడిగా వచ్చాయా?" అన్నాడు అతను అటునుంచి.

"వచ్చాయి. నువ్వెప్పుడొస్తావు?"

"నా పనైపోయిందమ్మాయ్. కత్తి నువ్వు తీసుకో, స్టావ్‌కివ్వకు."

"ఒక్క తలుపు కోసం నలభై ఏళ్లు వదిలేస్తారా ఎవరైనా?" అని డార్లీన్ అరిచింది. అరుస్తూనే ఏడ్చింది. అతను అంతా ఓపిగ్గా విని, "చల్లారిపోతాయి, తినండి," అని పెట్టేశాడు.

స్టావ్ ఒక పాస్టీ చేతిలోకి తీసుకున్నాడు గాని కొరకలేకపోయాడు. ఇద్దరూ వెనక గోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. అందరి ప్యాడ్లూ గుడ్డ వైపు బయటికి పెట్టి వేలాడుతున్నాయి. క్లెమ్ తనది తిరగేసి పెట్టాడు. దాన్ని సరిగ్గా పెడదామని డార్లీన్ స్టూలు ఎక్కింది, చెయ్యి చాచింది, మళ్లీ దిగిపోయింది. తుప్పు మేకుకు వేలాడుతున్న ఆ ఎడమ తలుపు ప్యాడ్ వెనక, అతని పేరుకు పైన, నీటైన గుండ్రటి అక్షరాలతో తెల్ల సుద్దతో 'కుడి' అని రాసి ఉంది.