సిరిల్ వేసిన పాట

సాయంత్రం ఆరూ పదికి సూసన్న బియ్యం కడిగి పక్కన పెట్టింది. ఎసరు పెట్టిన గిన్నె మూత పాడితే అందులో పోద్దామని.

నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో కొత్త కోడలు గడప దాటేటప్పుడు మైకుసెట్టులో ఏ పాట మోగితే, ఆ పాట ఇంటాయనకు ఎక్కడ అన్నం వండితే ఆ గిన్నెకు పట్టుకుంటుంది. ఇంటాయన బండి ఇంటిదారి పట్టి ఔటర్ సిగ్నల్ దాటగానే మూత ఆ పాట అందుకుంటుంది. అప్పుడు బియ్యం పోస్తారు. ఆయన బూట్లు విప్పేసరికి అన్నం వేడిగా ఉంటుంది.

అక్కడి పెళ్లిళ్లలో తెలుగైనా, హిందీ అయినా, బెంగాలీ అయినా పాట పేరులో ఎదురుచూడడం ఉండాల్సిందే. సూసన్న అడిగింది ఒక సినిమా పాట. ప్లాట్‌ఫారం మీద నవ్వుతూ నిలబడ్డ పిల్ల పాడేది. మైకుసెట్టు సిరిల్ అదే పేరున్న ఇంకో పాట వేశాడు. అందులో ఒక భక్తురాలు జుట్టు నెరిసేదాకా దేవుడి దారి చూస్తుంది.

"పేరొకటే కదా సెల్లీ!" అన్నాడు సిరిల్. పెళ్లికొడుకు విల్‌ఫ్రెడ్ నవ్వి ఊరుకున్నాడు.

విల్‌ఫ్రెడ్ గూడ్సు గార్డు. అతని బండి వచ్చినప్పుడల్లా పక్కింటి దాలమ్మ గోడ అవతలనుంచి, "ఒదినా, మీ ఇంట్లో సర్చి మొదలైనాది" అని ఆటపట్టించేది.

వేసవి నుంచి ఆ మూత పాడలేదు. "టాటానగర్‌లోనే తిప్పుతన్నారు, రిలీవరు లేడు" అనేవాడు విల్‌ఫ్రెడ్ ఫోనులో. విశాఖలో ఉంటున్న సూసన్న తమ్ముడు టోని ఆమెకు ఒక హాస్టల్లో వార్డెన్ పని చూసిపెట్టాడు. సోమవారం చేరాలి. సూసన్న సంచి సర్దుకుంది కూడా.

ఆ గురువారం, కడిగిన బియ్యం పక్కన, మూత పాడింది. పాత పాట కాదు. తను అడిగిన పాట.

దాలమ్మ పరుగున వచ్చింది. "ఏటొదినా, ఇన్నాళ్లకి సరైన పాట పడినాది!"

"సిరిల్ తప్పు దేవుడే దిద్దినట్టున్నాడు" అంది సూసన్న. బియ్యం పోసి టోనికి ఫోను చేసింది. "నాను రాలేనురా. మీ బావ వచ్చేస్తన్నాడు."

"వచ్చినాక సెప్పక్కా. ఆ పని ఎవరి కోసమూ ఆగదు."

"ఔటర్ దాటేసినాడురా. ఇంకేటి సెప్పాలి?"

అన్నం చల్లారింది. గోల్‌బజార్ చేపల పులుసు మీద నూనె పేరుకుంది. శుక్రవారమూ మూత పాడింది, శనివారమూ పాడింది. పాడినప్పుడల్లా ఆమె ఇద్దరికి వండింది. సోమవారం హాస్టల్‌వాళ్లు వేరే మనిషిని తీసుకున్నారు. సూసన్న సంచిలో చీరలు తీసి మళ్లీ బీరువాలో పెట్టింది.

మర్నాడు సిరిల్ వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మొన్న కాదు, ఆ ముందు ఆదివారం ఇదే ఊళ్లో, ఝపటాపూర్‌లో ఓ సిన్న పెళ్లికి మైకు కట్టినాను సెల్లీ. కట్టినాకే సూసినాను, పెళ్లికొడుకు విల్‌ఫ్రెడ్ అని."

ఏ పాట వేశావని సూసన్న అడగలేదు. అతనే చెప్పాడు. ఆ పేరుతో రెండు పాటలున్నాయనీ, ఈసారి తప్పు పాట పడకూడదనీ, పెళ్లికొడుకు పాట మొదలయ్యేదాకా మైకుసెట్టు పక్కనే నిలబడ్డాడట.