మనస్సాక్షికి మైకిచ్చిన సాయంత్రం

మా నాటక సమాజం వాళ్ళు ఏడాదికోసారి మనుషుల్ని బాగుచేస్తారు. ఈసారి మూడు నాటికలతో బాగుచేయాలని తీర్మానించారు. ఒకటి దయ మీద, ఒకటి కృతజ్ఞత మీద, చివరిది నిజం మీద. ఆ చివరిదాంట్లో హీరో మా ఆయన. పగలంతా దుకాణంలో కళ్ళజోళ్ళు అమ్ముకునే మనిషికి, సాయంత్రమయ్యేసరికి లోకం మొత్తానికి చూపు తెప్పించాలన్న ఉబలాటం పుడుతుంది.

నాకు మనస్సాక్షి వేషం ఇచ్చారు. వేషమంటే మొహానికి రంగేమీ ఉండదు. తెర వెనక ముక్కాలిపీట మీద కూర్చుని మైకులో మాట్లాడాలి. మనస్సాక్షి వినిపించాలే గాని కనిపించకూడదన్నారు ప్రెసిడెంటుగారు. ఇంట్లో కూడా నా ఉద్యోగం అదే కాబట్టి ఒప్పుకున్నాను.

ఆ మైకు సెట్టు అద్దెది. సమాజం సొంత యాంప్లిఫయరు అంతకు వారం ముందు రిహార్సల్లో కాలిపోయింది. ఎలా కాలిందో నేను కళ్ళారా చూశాను. దాని మీద కాఫీ గ్లాసు పెట్టొద్దని చెబుతూనే ఉన్నాను, మా ఆయన పెట్టాడు. నిజం నిప్పులాంటిదన్న డైలాగు దగ్గర ఆవేశంగా చెయ్యి విసిరాడు. గ్లాసు తిరగబడింది, లోపల చిటపటమంది, పొగ లేచింది. అప్పటికి హాల్లో మేమిద్దరమే ఉన్నాం.

మర్నాడు ప్రెసిడెంటుగారు అడిగితే, రాత్రి వాన పడింది కదా, వాచ్‌మన్ కిటికీ వెయ్యలేదేమో అన్నాడు మా ఆయన. ఆ ‘ఏమో’ని కమిటీ సాయంత్రానికల్లా ‘అవును’ చేసేసింది. వాచ్‌మన్ ఉద్యోగం ఊడింది. నాటికలయ్యేదాకా ఉండి, కుర్చీలన్నీ సర్ది, తెల్లారి గది ఖాళీ చెయ్యమన్నారు. హాలు వెనక ఉన్న ఆ ఒంటిగది తప్ప ఆ మొగుడూ పెళ్ళాలకి వేరే గూడు లేదు.

నేను ఆ రోజే ఆయన్ని నిలదీశాను. తానే చెబుతానన్నాడు. కాకపోతే ప్రదర్శన కానివ్వాలట, ఇప్పుడు చెబితే మూడ్ పాడవుతుందట, వెయ్యబోయేది నిజం ఒప్పుకునేవాడి పాత్రట. నేను వెళ్ళి చెబుతానంటే నా చేతిలో చెయ్యి వేసి మరీ ఒట్టు వేశాడు.

ఆ సాయంత్రం రానే వచ్చింది. దయ నాటికలో పళ్ళ డాక్టరు ముష్టివాడి వేషం కట్టాడు. చొక్కాకి చిరుగులు ఎక్కడెక్కడ ఉండాలో కొలతలిచ్చి దర్జీ చేత పెట్టించుకున్నాడు. ముందు వరసలో ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు. ఆయన దగ్గర పన్ను పీకించుకున్నవాళ్ళకి మాత్రం ఆ కన్నీళ్ళు అప్పుడే అయిపోయాయి. కృతజ్ఞత నాటిక రాసిన టైపు మాస్టారి పేరు చెప్పడం అందరూ మరిచిపోయారు.

విరామంలో నేను హాలు వెనక్కి వెళ్ళాను. వాచ్‌మన్ భార్య గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టి దుప్పట్లో మూట కడుతోంది. మంచం మోసుకెళ్ళలేమమ్మా, ఎవరికైనా పనికొస్తే ఇచ్చెయ్యండి అంది. నేరుగా మేకప్ గదిలోకి వెళ్ళి, చెప్పారా అని అడిగాను. మా ఆయన అద్దంలో కనుబొమ్మలు దిద్దుకుంటూ రేపు చెబుతానన్నాడు. రేపటికి వాళ్ళు రోడ్డు మీద ఉంటారు.

మూడో నాటిక మొదలైంది. మా ఆయన పాలవ్యాపారి. పాలలో నీళ్ళు కలిపావు కదూ అని మనస్సాక్షి అడగాలి, ఆయన కుమిలిపోవాలి. నా వంతు వచ్చింది. మైకు దగ్గరికి లాక్కున్నాను.

“పాల సంగతి తర్వాత. యాంప్లిఫయరు మీద కాఫీ పోసిందెవరు? ఆ నేరం వాచ్‌మన్ నెత్తిన రుద్దిందెవరు?”

మా ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. తెర సందులోంచి చూస్తున్నాను. మెల్లగా మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

“నేనే,” అన్నాడు. “పోసింది నేనే. నా పరువు కోసం ఒక పేదవాడి పొట్టకొట్టాను.”

కళ్ళవెంట నిజం నీళ్ళే కారాయి. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన మీద నాకు అంత గౌరవం ఎప్పుడూ కలగలేదు. తెర వెనక నేనూ ఏడ్చాను. హాలు చప్పట్లతో దద్దరిల్లిపోయింది.

మేకప్ గదిలో ప్రెసిడెంటుగారు ఆయన్ని వాటేసుకుని, ఆ వాచ్‌మన్ ముక్క ఎప్పుడు కలిపారు, భలే పండిందన్నారు. అప్పటికప్పుడు తట్టిందన్నాడు మా ఆయన. అని, ఎలా నెట్టుకొచ్చానో చూశావా అన్నట్టు నా వంక చూశాడు. నా గౌరవం అక్కడికక్కడే చచ్చింది.

అంతలో వాచ్‌మన్ గుమ్మంలోకి వచ్చాడు.

“అయ్యా, అందరి ముందూ చెప్పేశారు,” అన్నాడు. “ఇక మూట విప్పమంటారా?”

పళ్ళ డాక్టరు నవ్వాడు. మా ఆయన తువ్వాలుతో మొహం రంగు తుడుచుకుంటూ, “అది పాత్ర చెప్పిందయ్యా, నేను కాదు,” అన్నాడు.

“నేను చూశాను,” అన్నాను. “కాఫీ ఒలకబోసింది ఈయనే. ఇప్పుడు నా చేతిలో మైకు లేదు, ముందు తెరా లేదు.”

ప్రెసిడెంటుగారు జాలిగా నవ్వారు. “నాటిక అయిపోయిందమ్మా. మీరింకా వేషంలోంచి బయటికి రాలేదు.”

వాళ్ళందరికీ తెలుసు. తెలియనివాడైతే కనీసం ఒక్క ప్రశ్న అడుగుతాడు. ఒక్కరూ అడగలేదు. పైగా కొత్త వాచ్‌మన్‌కి మాట ఇచ్చేశామని, ఇచ్చిన మాట తప్పడం సమాజం పద్ధతి కాదని ప్రెసిడెంటుగారు సెలవిచ్చారు. ఛీ అనిపించింది. ఆ మాట పైకే అన్నాను. దున్నపోతు మీద వాన.

అక్కడి నుంచి వెళ్ళి ఆ మూట నేనే ఎత్తుకున్నాను. మొగుడూ పెళ్ళాలిద్దరినీ మా ఇంటికి తీసుకొచ్చి, మా ఆయన రిహార్సల్సు చేసుకునే ముందు గది ఇచ్చాను. ఆయన నాటకాల్లో గెలిచిన కప్పులూ ఫోటోలూ అన్నీ అటక ఎక్కించాను. మంచం మర్నాడు తెప్పించాను. మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇంట్లో హాయిగా ఉంది.

మూడో రోజు దుకాణానికి అన్నం కారియరు పట్టుకెళితే, బేరానికి వచ్చినవాళ్ళకి చెబుతున్నాడు. పాపం, నిలువనీడ లేనివాళ్ళట, చూసి ఉండబట్టలేక తన ఇంట్లోనే చోటిచ్చాడట. వింటున్నవాళ్ళు చేతులెత్తి దణ్ణం పెడుతున్నారు.

వచ్చే ఏడాది సమాజం ఆ కథే నాటికగా వేస్తోంది. పళ్ళ డాక్టరు రాస్తున్నాడు, హీరో మా ఆయనే. మనస్సాక్షి వేషం అక్కర్లేదని తీసేశారు. అందులో కూడా యాంప్లిఫయరు వానకే తడుస్తుందట.