అక్క గీసిన ఆఖరి పళ్లెం

అక్క చేసినంత పెద్ద పళ్లెం ఈ భూమ్మీద ఇంకోటి లేదు. నీళ్లు నింపితే ఏనుగు పిల్లతో సహా దిగి జలకాలాడొచ్చు.

అది బట్టీలో ఉండగా, చెల్లెలి చేతికి జేబులో ఏదో గుచ్చుకుంది. తీసి చూస్తే, మట్టితో చేసిన చిన్న ముక్కాలి. పళ్లేన్ని బట్టీలో పెట్టింది తనే. పూత పూసిన సామానును ఆ ముక్కాలి కొనల మీద నిలిపి కాల్చాలి. లేకపోతే పూత కరిగి, కింద ఉన్న మట్టిపలకకు అతుక్కుపోతుంది. ముక్కాలి జేబులో ఉందంటే, పళ్లెం పలక మీదే కూర్చుందన్నమాట. మంట ఎప్పుడో ఆరిపోయింది.

పోనీ ఇంకోటి గీయమందామా అంటే, అక్క చేతులకు వణుకు. పూత మీద కుంచె ఆనిందా, రంగు ఇంకిపోతుంది, చెరపడానికి ఉండదు. ఇదే ఆఖరిదని అక్క ముందే చెప్పేసింది.

"ఏమే, అలా కొయ్యబారిపోయావు?"

"ఇంకాస్త చల్లారనిద్దాం అక్కా."

"బట్టీ మీద పిల్లి పడుకుని గుర్రు పెడుతోంది. ఇంకేం చల్లారాలి?"

అక్క బట్టీ మూతికి పేర్చిన ఒక్కో ఇటుకా తీస్తూ కబుర్లు మొదలెట్టింది. "పాతకాలం వాళ్లు భలే గడుసువాళ్లే. ఓడల్లో వచ్చిన పింగాణీ చూసి కళ్లు కుట్టాయి. తెల్లమట్టి దొరకలేదు. ఎర్రమట్టికే తగరం కలిపిన పూత పూసి, తెల్లచొక్కా తొడిగి, దొరలా నిలబెట్టేశారు."

చెల్లెలు ముక్కాలిని గుప్పిట్లో దాచుకుంది.

ఆఖరి ఇటుక వచ్చింది. తెల్లటి పూత మీద నీలిరంగు చేపలు తళతళలాడాయి. అక్క పళ్లెం పట్టుకుని ఎత్తబోయింది. కదల్లేదు.

చెల్లెలు గుప్పిట విప్పింది. అక్క ముక్కాలిని చూసింది.

"ఉలితో ఊడదీస్తానక్కా."

"ముట్టుకున్నావంటే వీపు విమానం మోత మోగుతుంది!" అక్క చేపలను వేలితో తడిమింది. ఒక్కటీ చెదరలేదు. "పలకతో సహా ఎత్తు. మట్టినే దొరను చేసిన వంశం మనది. ఈ పలకను చట్రమంటే ఎవడు కాదంటాడు?"

గోడకు తగిలించారు. చూసినవాళ్లంతా మాకూ పలకతోనే కావాలని ఎగబడ్డారు.

ఏనుగు సంగతా? బట్టీ మీది పిల్లి అందులో పడుకుంటే తోక బయట వేలాడేది, అంతే. చెల్లెలి జేబులో ముక్కాలి నిజం, అతుక్కున్న పళ్లెం నిజం. జనం ఎగబడటం మాత్రం నేను కల్పించింది. ఒక్కడూ అడగలేదు. అడిగినా అక్క ఇచ్చేది కాదు.